ఆండాళత్తకు నేను చదవని పేజీలు

ఉన్నవాళ్లు: గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్న అవ్వ, చాటలో బియ్యం ఏరుతున్న అమ్మ, పక్కవాటా కుముదమ్మ, వీధివాకిలి కనబడేటట్టు కూర్చున్న ఆండాళత్త, నేను. ఉన్న వస్తువులు: తల ఒకవైపుకే తిరిగే టేబుల్ ఫ్యాను, చెంబుతో మజ్జిగ, తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, గోధుమరంగు అట్ట వేసిన ఒక పుస్తకం. తెలుగు మాట్లాడేవాళ్లం ఐదుగురం. తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ పుస్తకం పోయిన నెల మళ్లీ నా చేతికి వచ్చింది. ఆండాళత్త పోయి ఏడాదైంది. జూలైలో ఆ ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె రేకుపెట్టె తెరిస్తే, రెండు నేతచీరల కింద, కర్పూరం వాసన వేస్తూ ఉంది. అట్ట మూలలు అరిగిపోయాయి. నేను కుట్టుదారం చూసే గుర్తుపట్టాను. పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను, పుస్తకం తెరవడానికి ధైర్యం చాలక. యాభై దాటిన మనిషికి ఒక పాత నవలంటే భయమేమిటని నా కూతురు నవ్వింది. ఆమెకు చెప్పడానికి మొదలుపెట్టిందే ఇలా రాతలోకి వచ్చింది.

మావాళ్లు మదరాసుకు ఎప్పుడు వచ్చారో అవ్వకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. అమ్మ తన పుట్టింటికి ఉత్తరాలు రాసేది. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. తెలుగు అక్షరం వచ్చినవాడు మా ఇంట్లో తాత ఒక్కడే. ఆయన పోయేముందు రెండేళ్లు నన్ను కూర్చోబెట్టి పాత క్యాలెండర్ల వెనక దిద్దించాడు. ఎందుకు తాతా అంటే, ఇంటికి ఒకడన్నా ఉండాల గదరా అనేవాడు. అట్లా ఇంటికి ఒకడినయ్యాను. తద్దినం మంత్రాల పుస్తకం, పెళ్లి శుభలేఖలు, నెల్లూరు నుంచి వచ్చే కార్డులు, ఏది వచ్చినా నా దగ్గరికే. నేను చదివిందే అందులో ఉన్నట్టు. నేను తప్పు చదివితే పట్టుకునేవాళ్లు ఇంట్లో లేరు. ఇది అప్పట్లో నాకు గొప్పగా ఉండేది.

కింద గదిలో నాయన లేత్ పట్టడ. ఇనుప రజను, కటింగ్ ఆయిలు వాసన మెట్లెక్కి మా అన్నంలోకి కూడా వచ్చేది. నేను పాలిటెక్నిక్‌లో కొలత పరికరాల డిప్లొమా చదువుతున్నాను. ఒకే ఒత్తిడికి రెండుసార్లు రెండు రకాలుగా చూపించే గేజిని బల్ల మీద పెట్టి, దాన్ని దారికి తేవడం మా ప్రాక్టికల్ క్లాసు. ఆదివారం పొద్దున చేపల పులుసు. చేపల బుట్ట రాయపురం నుంచి వచ్చేది. ఆ బుట్టామె కేక మలుపులో వినబడగానే ఆండాళత్త లేచి పెరటివైపు పోయేది. ఆమెకు చేపలంటే ఇష్టమే, వండితే తినేది. అత్త తప్పించుకు తిరిగింది ఆ మనిషి కళ్లను. రాయపురంలో అత్త కాపురం చేసిన వీధి, ఆ బుట్టామె వీధి ఒకటే.

అత్త నాయనకు ఆఖరి చెల్లెలు. ముప్పై నాలుగేళ్లుండేవేమో. మామ హార్బరులో పని. ఆ పుస్తకం రావడానికి ఎనిమిది నెలల ముందు ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా నడిచి వచ్చింది. నాకు చెప్పింది ఒకే మాట: ఇద్దరికీ పడలేదు. ఆమె అలవాట్లు మాత్రం నాకు కంఠతా వచ్చు. స్నానాలగది తలుపుకు గడియ వేసేది కాదు, లోపల నీళ్ల బకెట్ అడ్డంపెట్టుకునేది. నడవలోనే పడుకునేది, గదిలో పడుకోమంటే ఉక్కపోత అనేది, డిసెంబరులో కూడా. నిలబడి గబగబా తినేది. చిన్న చిన్న విషయాలకు అబద్ధాలాడేది. తిన్నావా అంటే తినకపోయినా తిన్నాననేది, ఎక్కడికి పోయావంటే మేడ మీదికి పోయి వచ్చి గుడికి పోయాననేది. అమ్మ ఒక మాట మెత్తగా అంటే తాను రెండు కరుగ్గా అనేది. నాకు ఆమె మీద చిరాకుండేది. ఎందుకిలా ఉంటుందని నేను ఎవర్నీ అడగలేదు.

పుస్తకం నెల్లూరు నుంచి అమ్మ పెదనాన్న కూతురు పంపింది. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. వారం వారం పేజీలు చించి దాచి, చివర అన్నీ కలిపి గోనెసూదితో కుట్టింది. ఆంధ్రాలో ఆడవాళ్లంతా దీనికోసం కొట్టుకుంటున్నారని కార్డు రాసింది. పత్రిక పేజీ నంబర్లు వారానికొకలా ఉంటే నాకు నచ్చక, పెన్సిలుతో ఒకటి నుంచి మూడొందల పన్నెండు దాకా నేనే వేశాను. ఆదివారం మూడు గంటలకు, అంట్లు తోమడం అయ్యాక, పాతిక పేజీల చొప్పున చదవాలని ఒప్పందం.

రెండో ఆదివారానికే నాకు ఆ నవల మీద అసహ్యం పుట్టింది. అందులో ఒక్క మనిషీ మంచివాడు కాడు. కథానాయిక నీలవేణి ఒక పేజీలో మొగుడికోసం ఏడుస్తుంది, తర్వాతి పేజీలో వాడు చావాలంటుంది. చెల్లెలి చీర కాల్చి ఎలుక కొరికిందని చెబుతుంది. కన్నబిడ్డను కొట్టి, తర్వాత దాన్నే పట్టుకుని ఏడుస్తుంది. పుట్టింటికి వచ్చి పుట్టింటివాళ్లనే తిడుతుంది. మొగుడు భార్గవ అంతకంటే హీనం. అనుమానిస్తాడు, పోనుపోను కాళ్లు పట్టుకుంటాడు, తీసుకుపోతాడు, మళ్లీ మొదటికి వస్తాడు. ఒకే ఒత్తిడికి రెండు రకాలుగా చూపించే గేజిలు. ఇంతమంది ఆడవాళ్లు ఏం చూసి మెచ్చారో నాకు అంతుబట్టలేదు.

యాభై ఎనిమిదో పేజీలో నీలవేణి కన్నతల్లితో, నువ్వు పోతే నాకొక దిగులు తీరుతుంది అంటుంది. నేను అక్కడ ఆగిపోయాను. ఎదురుగా అమ్మ బియ్యంలో రాయి వెతుకుతోంది. ఆ మాట నా నోటితో ఆమె ముందు అనడానికి భయమేసింది. "అమ్మా, నువ్వు భోంచేశావా? అని అడిగింది నీలవేణి," అని చదివి పేజీ తిప్పేశాను.

"బంగారుతల్లి," అంది అవ్వ. "ఎంత కష్టంలో ఉన్నా అమ్మ కడుపు గురించి అడిగింది చూడు."

ఎవరికీ తెలియలేదు. ఆ వారం అంతా నాకు ఒకటే ఆలోచన. ఆ తర్వాత శనివారాల్లో ముందే చదువుకుని, వదిలేయాల్సిన పేజీకి పైన కుడిమూల పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టడం మొదలుపెట్టాను. కథ తెగకుండా మధ్యలో అతుకు వాక్యాలు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నూట నలభయ్యో పేజీలో భార్గవ మొదటిసారి కాళ్లు పట్టుకుంటాడు. పుస్తకంలో ఆ మార్పు పదకొండు పేజీలు కూడా నిలవదు. నేను నిలబెట్టాను. నా చేతిలో వాడు వేళకు ఇంటికి వచ్చి, పెళ్లాం అన్నం తిన్నాక తాను తినే మనిషయ్యాడు.

"ఏందబ్బా ఇది," అంది కుముదమ్మ ఒకనాడు, తమలపాకు ఈనె తీస్తూ. "అందరూ ఇంత మంచోళ్లయితే కథ ఎట్లా నడుస్తాది? ఉప్పు లేని రసంలాగుండాది. దీనికా నెల్లూరోళ్లు కొట్టుకుంటాండారు?"

"నువ్వు గమ్మునుండు కుముదా," అంది అవ్వ. "చుమ్మా, ఊరికూరికే అడ్డం రావద్దు. నాకు ఈ భార్గవ నచ్చినాడు."

అత్త నవ్వలేదు. మెడ కొంచెం ముందుకు చాచి నా పెదాల వైపే చూస్తోంది. మొదటి వారాల్లో వాకిలివైపు చూస్తూ వినేది. ఆ నాలుగైదు వారాల్లో, ఆమె వాకిలికి వీపు పెట్టి కూర్చోవడం మొదలైంది. నేను అది కూడా గమనించాను, సంతోషించాను కూడా.

"వరదూ, ఆ మొగుడు మళ్లా పాతదారికి పోడు గదా?"

"పోడత్తా."

"రాసుండాదా?"

"రాసుండాది."

నేనన్న ఆ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ నా అరిచేతులు చల్లబడతాయి. అత్తకు తమిళం రెండో తరగతి దాకా వచ్చు. తెలుగు అక్షరమంటే ఆమెకు తాత చేతిలో పంచాంగం, పెళ్లిలో లగ్నపత్రిక. రాసి ఉన్నదాన్ని ఆమె ఎన్నడూ సందేహించి ఎరగదు.

ఒక గురువారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో పప్పులడ్డూల వాసన. అమ్మ లడ్డూలు చుడుతోంది, మొహంలో సంతోషం లేదు. మరునాడు మామ, ఆయన పెదనాయన వస్తారనీ, అత్త వెళ్లడానికి ఒప్పుకుందనీ చెప్పింది. వాళ్లు అప్పటికి మూడుసార్లు కబురు పంపారు. మూడుసార్లూ అత్త రానంది. ఈసారి ఏమైందో అమ్మకు అర్థం కాలేదు.

"నేను అడిగినానురా. మనుషులు మారతారు వదినా అనింది. నీకు తెలీదు గానీ, వాడు బయట బీగం ఏసుకుని హార్బరుకు పోయేవాడు. మూడేండ్లు. పొద్దున ఏస్తే రాత్రికే. ఒకతూరి ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు అంటుకునింది. కిటికీలోంచి కేకలేసి బతికింది." అమ్మ చేతిలో లడ్డూ చిదిగిపోయింది, మళ్లీ కలిపి చుట్టింది. "ఆడదాని మాటలు నీకెందుకు, పో, కాఫీ తాగు."

నేను కాఫీ తాగలేదు. గోడగూట్లోంచి పుస్తకం తీశాను. రెండొందల మూడో పేజీ నాకు పుస్తకం తెరవకుండానే తెలుసు. నా టిక్కు ఉంది. అతిగా ఉందనీ, ఏ మొగుడూ అలా చేయడనీ అనుకుని వదిలేసిన పేజీ అది. గడియ లేని స్నానాలగది, నడవలో పడక, నిలబడి తినే అన్నం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వాటి కారణం పక్కన నిలబడ్డాయి. చెబితే నాయన ఏం చేస్తాడో తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ పూట మూడుసార్లు అత్త దగ్గరికి పోయి, మూడుసార్లు ఏదో ఒకటి అడిగి తిరిగొచ్చాను. ఒకసారి సూది అడిగాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె పెరటి వసారాలో రేకుపెట్టె సర్దుకుంటోంది. తలంటి పోసుకుంది, జుట్టులోంచి శీకాయ, సాంబ్రాణి వాసన. తొమ్మిదికి వాళ్లు వస్తారు. పదిన్నరకు రాహుకాలం కాబట్టి పదిలోపల బయలుదేరాలి. నాకున్న టైము ముప్పై నిమిషాలు.

"ఏందిరా, కాలేజీకి పోలే?"

"అత్తా, ఆ భార్గవ మారడు."

ఆమె నవ్వింది. "పొద్దున్నే ఏం కథ చెబుతాండావురా?"

"పుస్తకంలో మారడు. నేనే మార్చి చదివినాను."

మడతపెడుతున్న చీర ఆమె ఒళ్లో ఆగిపోయింది. నవ్వు మొహం మీదే ఉంది, కళ్లలో లేదు. "రాసుండాదంటివే."

"లేదత్తా."

"ఎందుకురా?"

"నాకు వాళ్లు నచ్చలేదు. ఆమె నచ్చలేదు, వాడూ నచ్చలేదు."

"నచ్చకపోతే?" అంది. గొంతు పెంచలేదు. "నచ్చకపోతే నువ్వు వాళ్లను మంచోళ్లను చేసేస్తావా? ఎన్ని పేజీలు?"

"నలభై ఒకటి."

"లెక్క మాత్రం బాగా పెట్టుకున్నావు." చీర పక్కన పెట్టింది. "చదువు. ఇప్పుడే. నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు, ఆడుండేదే రావాల."

నిలబడి చదివాను. భార్గవ తాళం వేస్తాడు. నీ మంచికే నీలవేణీ అంటాడు. ఆమె లోపల పళ్లెం గోడకేసి కొడుతుంది, బిడ్డను కొడుతుంది. పక్కింటావిడ కిటికీ దగ్గరకు వస్తే నవ్వుతూ అబద్ధం చెబుతుంది. ఆ చోట ఆగాను.

"ఏం చెప్పింది పక్కింటామెకు?"

"బీగంచెవి ఎక్కడో పడిపోయిందని."

అత్త పెట్టె మూత దించింది. "నేనూ అదే చెప్పినా," అంది తర్వాత.

వీధిలో ఆటో ఆగిన చప్పుడు. మామ తెల్లచొక్కాలో, చేతిలో మల్లెపూల పొట్లంతో వచ్చాడు. పెదనాయన కుర్చీలో కూర్చుని గడియారం చూసుకున్నాడు. అమ్మ లడ్డూలు పెట్టింది. నాయన చేతుల నూనె తుడుచుకుంటూ పైకి వచ్చాడు. అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టె తేలేదు.

"ఆ వాకిలి బీగంచెవి నాకిస్తావా?" అంది మామతో, అందరి ముందూ.

మామ నవ్వాడు. మంచి నవ్వే. "ఏం మాటబ్బా ఇది, వచ్చీరాంగానే? ఊరు చెడిపోయుండాది. అంతా నీ మంచికే గదా."

పుస్తకం ఇంకా నా చంకలో ఉంది. అత్త ఒకసారి దానివైపు చూసింది, తర్వాత నావైపు.

"నేను రాను," అంది.

"పాపా, టైము కావస్తాంది," అన్నాడు పెదనాయన. "రాహుకాలం వచ్చేస్తాది. దోవలో మాట్లాడుకోవచ్చు."

"రానీ పెదనాయనా. నేను ఈడనే ఉంటా."

మామ నవ్వు అప్పుడు పోయింది. అది పోయిన తర్వాత ఆ మొహం నేను చూశాను, అంతకంటే వర్ణించలేను. ఒకడుగు ముందుకు వేశాడు. నాయన లేచి మధ్యలో నిలబడ్డాడు, చేతిలో ఇంకా నూనెగుడ్డ. ఎవరూ ఎవరినీ ముట్టలేదు. మల్లెపూల పొట్లం కుర్చీ మీద వదిలేసి వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రానికి పూలు వడలి ఆ గదంతా వాసన వేసింది, ఎవరూ తీసి పారేయలేదు. ఆ తర్వాత రెండు నెలలు నేను కాలేజీ నుంచి వస్తూ మలుపు దగ్గర ఆగి, టీ అంగడి ముందు మామ ఉన్నాడేమో చూసి గాని వీధిలోకి వచ్చేవాణ్ణి కాదు. నాలుగుసార్లు ఉన్నాడు. ఊరికే ఇంటివైపు చూస్తూ నిలబడేవాడు.

నాయన నన్ను కొట్టలేదు. "చదవడానికి నిన్నొక్కణ్ణి పెట్టుకుంటిమి గదరా," అన్నాడంతే. అత్త నాతో ఆరు వారాలు మాట్లాడలేదు. అమ్మావాళ్లు పిలిచినా ఆదివారం చదువుకు రాలేదు. అసలు ఆ చదువే ఆగిపోయింది. ఆరు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం పలక తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"అక్షరాలు నేర్పు."

"నేను చదువుతాను గదత్తా, ఈసారి ఉన్నదున్నట్టు—"

"నువ్వు చదివింది చాలు," అంది.

మూడు నెలలు నేర్పాను. తమిళంలో లేని ఒత్తుల దగ్గర తిట్టుకునేది. వచ్చాక ఆ పుస్తకం తీసుకుపోయింది, మళ్లీ నేనెప్పుడూ దాన్ని చూడలేదు. చదివిందా అని అడగడానికి భయం. ఆమె కూడా చెప్పలేదు. వీధిలో బట్టలు కుట్టి బతికింది, ఇరవై ఏళ్లకు పైగా. కుట్టుమిషను వాకిలికి ఎదురుగా వేసుకుంది. ఆఖరి దాకా స్నానాలగదికి బకెట్టే అడ్డం.

ఇప్పుడు మా ఫ్లాటుకు తాళంచెవి లేదు, నాలుగంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు ఇంట్లో అందరికీ తెలుసు. నా కూతురికి తెలుగు చదవడం రాదు. ఏదైనా కావాలంటే ఫోను పైకి చదివి వినిపిస్తుంది, అది దేన్నైనా వదిలేస్తే ఆమెకూ తెలియదు. ఆ నవల పోయిన నెల మొదటిసారి పూర్తిగా చదివాను. ఇప్పటికీ నాకు నచ్చలేదు. నీలవేణి ఇప్పటికీ అబద్ధాలాడుతుంది, బిడ్డను కొడుతుంది, చివరిదాకా మంచిది కాదు. అయితే అప్పుడు అసహ్యమనుకుని పక్కన పెట్టిన పేజీలను ఇప్పుడూ చదవకుండా తిప్పేయబోతే తెలిసింది, నాకున్నది మొదటినుంచీ భయమేనని. ఆ ఇంట్లో ఆ పేజీలకు భయపడే హక్కున్న మనిషి మాత్రం మెడ చాచి వింటూనే ఉంది.

పేజీలకు కుడిమూల నా పెన్సిలు టిక్కులున్నాయి. ఎడమమూల నీలం ఇంకుతో చిన్న చుక్కలున్నాయి. అవి నేను పెట్టినవి కావు. అత్త తాను చదువుకుంటూ, మా చదువు ఆగిన చోటు దాకా, ఆ ఆదివారాల్లో నా నోట వినని ప్రతి పేజీకీ ఒక చుక్క పెట్టుకుంది. రెండూ మూడుసార్లు లెక్కపెట్టాను. టిక్కు ఉన్న ప్రతి పేజీకీ చుక్క ఉంది. టిక్కు లేకుండా చుక్క మాత్రమే ఉన్న పేజీలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి యాభై ఎనిమిది, టిక్కులు మొదలుపెట్టక ముందుది. మిగతా వాటిలో ఎవరూ ఎవర్నీ తిట్టరు, కొట్టరు. నీలవేణి తలుపువైపు చూస్తూ ఊరికే కూర్చుని ఉంటుంది. వాటిని వదిలేసినట్టు నాకు గుర్తు కూడా లేదు.

నేను ఆమెకు చెప్పిన లెక్క నలభై ఒకటి. చుక్కలు నలభై నాలుగు.